మా గూగుల్ యాడ్ పేజీ బాగుచేసినవాళ్ల గురించి

శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర వెబ్‌సైట్లు చేసే చిన్న ఆఫీసు ఇది, పనిమంతులు. మేం పొందూరు ఖద్దరు ఆన్‌లైన్‌లో అమ్ముతాం. గూగుల్ యాడ్‌కి డబ్బులు పోతున్నాయి గానీ ఆర్డర్లు లేవు, క్వాలిటీ స్కోరు, అంటే యాడ్, అది నొక్కితే తెరుచుకునే పేజీ ఎంత బాగున్నాయో చూసి గూగుల్ ఇచ్చే మార్కు, 10కి 3, రోజూ అదే టెన్షన్. యాడ్‌లో పంచె అని చూసి నొక్కినవాళ్లు మా హోమ్ పేజీలో చీరలు, తువ్వాళ్ల మధ్య పడి వెనక్కి వెళ్లిపోతున్నారని, పైగా ఫోన్‌లో పేజీ తెరుచుకోవడానికి 9 సెకన్లు పడుతోందని వీళ్లే పట్టుకున్నారు. పంచెలకి విడిగా పేజీ చేసి, పైనే ధర, అంచు నేత దగ్గరగా కనిపించే ఫొటో, ఎన్ని రోజుల్లో చేరుతుందో పెట్టారు. బరువైన ఫొటోలన్నీ కుదించారు. ఇప్పుడు స్కోరు 7. స్కోరు కాదండీ, ఆర్డర్లు చూసుకోండి అని వాళ్లే చెప్పడం నాకు బాగా నచ్చింది. పని రెండు రోజులు ఆలస్యమైంది, ఫోన్ మాత్రం ఎప్పుడు చేసినా ఎత్తారు.