అవ్వ పట్టుచీరా, ఆన్‌లైన్ పాత గౌనా, నాన్న చొక్కానా: కత్తెర దేనికి పెట్టాలి?

తిరుపతిలో మా వీధికి తరచూ రెండు కేకలు వస్తాయి. ఒకటి "పాత బట్టలకు స్టీలు సామాన్లూ" అని. ఇంకొకటి "పాత పట్టుచీరలు కొంటాం" అని. స్టీలు సామాన్ల ఆమెకు మూడు ప్యాంట్లు వేస్తే ఒక గిన్నె ఇస్తుంది, దాని మూతకు ఇంకో చొక్కా అడుగుతుంది. పట్టుచీరల ఆయన చీర రంగు వైపు చూడనే చూడడు. అంచు తిప్పి గోటితో గీకుతాడు. ఆయనకు కావలసింది జరీలో ఉన్న వెండి.

నాలుగేళ్ళుగా ఈ ఇద్దరికీ మా ఇంటి నుంచి బేరం లేదు. పాతవి విప్పి, కోసి, కొత్తగా కుట్టించుకునే పిచ్చి నాకు పట్టింది. పెట్టెలోని చీరలు కోశాను, ఆన్‌లైన్‌లో వాడిన బట్టలు కొని సైజు మార్పించాను, నాన్న చొక్కాలు కూడా వదల్లేదు. నా లాంగ్ ఫ్రాకులు చూసి ఆఫీసులో అందరూ "మా అమ్మ పట్టుచీర ఒకటుంది, ఇచ్చేయనా టైలరుకు?" అని అడుగుతారు. ఆగమంటాను. అందరి కన్నూ మొదట పడేది పట్టుచీర మీదే, కానీ నా లెక్కలో అది మూడో స్థానంలో ఉంది.

చేతులు కాలింది అక్కడే కాబట్టి దాని సంగతే ముందు చెబుతాను. మా చిత్తూరు వైపు పెళ్ళి బట్టలంటే బస్సెక్కి కంచికి పోవడం అలవాటు. అమ్మ పెళ్ళిచీర అలా వచ్చిందే. మెరూన్ రంగు, జానెడు అంచు. దాన్ని అంబ్రెల్లా కట్ లాంగ్ ఫ్రాకుగా కుట్టమని ఒక టైలరుకిచ్చాను. లైనింగు, కుట్టుకూలి కలిపి పద్దెనిమిది వందలు. తిరుచానూరులో పిన్ని కూతురి పెళ్ళికి వేసుకుని, తాంబూలం పళ్ళెం అందుకోవడానికి వంగాను. వీపు మీద పర్రున చిరిగింది. కుట్టు దగ్గర కాదు, కుట్టు పక్కన బట్టే చిరిగింది. మిగతా పెళ్ళంతా అమ్మ శాలువా కప్పుకుని కూర్చున్నాను. మే నెలలో శాలువా!

టైలరును తిట్టుకున్నాను కానీ తప్పులో సగం నాది. ఆ చీర ముప్పై ఏళ్ళకు పైగా ఒకే మడతలో, మధ్యలో నాఫ్తలిన్ ఉండలతో పెట్టెలో పడి ఉంది. చూడటానికి మెరుస్తూనే ఉంది, లోపల చివికిపోయింది. పట్టుకు చెమటా పడదు, ఎండా పడదు, ఏళ్ళ తరబడి ఒకే మడత అసలే పడదు.

ఇప్పుడు నేను చేసే పరీక్ష ఇది. చీరను కిటికీ దగ్గర వెలుతురుకు అడ్డంగా పట్టుకుని, మడత గీత వెంట సూదిమొనంత చిల్లులు కనిపిస్తాయేమో చూస్తాను. తర్వాత మడతకు అటూ ఇటూ రెండు బొటనవేళ్ళు పెట్టి మెల్లగా లాగుతాను. పోగులు పక్కకు జరిగి జల్లెడలా కనిపిస్తే ఆ చీర కుట్టుకు ఆగదు. అన్ని చోట్లా చూడాలి, ఎందుకంటే చీర అంతా ఒకేలా అరగదు. కాళ్ళకు రాసుకునే అంచు, నడుము దగ్గర చెమట పట్టే భాగం, భుజం మీద పిన్ను గుచ్చే చోటు ముందు పోతాయి. లోపలికి పోయే మొదటి చుట్టు ఎండ చూడదు, అది చాలాసార్లు గట్టిగా ఉంటుంది. ఒంటికి బిగువుగా ఉండే పైభాగానికి బట్ట అక్కడి నుంచే తీయమని టైలరుకు సుద్దముక్కతో గీసి ఇవ్వండి. లేకపోతే ఆయన కొంగు అందంగా ఉందని కొంగునే వీపుకు పెడతాడు.

రెండో తప్పు అంబ్రెల్లా కట్. అది గుండ్రంగా కోయాలి, చీర అంచేమో తిన్నగా ఉంటుంది. గుండ్రంగా కోస్తే అంచును కోసి తీసి, వంచి, ముక్కలు చేసి అతకాలి. అంచున్న చీరకు కుచ్చులే సరి. చీర పన్నా, అంటే వెడల్పు, 45 నుంచి 48 అంగుళాలు ఉంటుంది, నాలాంటి ఐదడుగుల రెండంగుళాల మనిషికి నడుము నుంచి పాదం దాకా నలభై చాలు. అంటే అంచు కింద అలాగే ఉంచి, పైన కాస్త తగ్గించి, నాలుగు మీటర్లు చుట్టూ కుచ్చుపెడితే పాటుకు, అంటే అంచూ కొంగూ కాని చీర బట్టకు, కోతే అక్కర్లేదు. మిగిలిన మీటరున్నరలో పైభాగం, చేతులు వస్తాయి. ఇందులో ఇంకో లాభం ఉంది. పాటు కోయలేదు కాబట్టి రేపు మనసు మారితే విప్పి, పిల్లకు పావడ కుట్టించవచ్చు.

లైనింగు నూలుదే వేయించాలి, పాలియెస్టర్ కాదు. పట్టుముక్కను లైనింగు ముక్క మీద పరిచి, రెండూ ఒకే బట్ట అన్నట్టు కలిపి కుట్టాలి. లైనింగు పట్టు కంటే కొంచెం బిగువుగా ఉంటే లాగుడంతా దాని మీదే పడుతుంది, పట్టు హాయిగా పైన కూర్చుంటుంది. నా మెరూన్ ఫ్రాకుకు లైనింగు విడిగా వేలాడుతూ ఉండేది. ఎందుకు చిరిగిందో ఇప్పుడు అర్థమవుతోంది.

పరీక్షలో చీర తప్పితే ఏం చేయాలి? పాటు చివికినా అంచు, కొంగు చాలాసార్లు గట్టిగానే ఉంటాయి. అంచును కోసి తీసి కొత్త రా సిల్క్ కుర్తాకు కింద, చేతులకు వేయించుకోవచ్చు. మెరూన్ ఫ్రాకు శవంలోంచి నేను చేసింది అదే. అన్నిటికంటే ఎక్కువ మెచ్చుకోళ్ళు వచ్చింది కూడా దానికే. అంచు మీద కత్తెర పెట్టే ముందు ఒక మూల జరీ పోగును గీకి చూడండి. లోపల ఎర్ర పట్టుదారం కనిపిస్తే అది అసలు జరీ అని మా వైపు ఆనవాలు. అలాంటిదాన్ని కేకల ఆయనకు తొందరపడి అమ్మకండి, చిన్న ముక్కలుగానూ కోయకండి.

అదే పెట్టెలో పట్టుచీర కింద మర్యాద లేకుండా పడి ఉండే నూలు చీరలది నా దృష్టిలో రెండో స్థానం. అవ్వ వెంకటగిరి చీర ఒకటి కుర్తాగా మారింది. సన్న నూలు, ఉతికే కొద్దీ మెత్తబడింది, నలభై దాటే మన ఎండలకు దానికి మించింది లేదు. కుంచించుకుపోవడం, రంగు దిగడం లాంటివన్నీ పాతికేళ్ళ క్రితమే అయిపోయాయి, కొత్తగా భయం లేదు. గంజి పెట్టి దాచినదైతే మాత్రం పురుగు కొట్టి ఉంటుంది, విప్పి చూడాలి. చిల్లులుంటే శ్రీకాళహస్తి కలంకారీ ముక్క ఒకటి పైన వేసి కుట్టించండి. ఆ ముక్కను ముందు విడిగా ఉతికి ఆరేయాలి, లేకపోతే దాని రంగు చీరకు అంటవచ్చు.

ఇక కొనుక్కునే పాత బట్టలు. వాడిన బట్టలు డబ్బిచ్చి కొంటామంటే ఇంట్లో మొదట వచ్చే మాట "ఎవరు కట్టి విడిచినవో ఏమో" అని. అవ్వ అయితే పార్సిలును గడప దాటనివ్వలేదు. అదే అవ్వ, భక్తులు స్వామివారికి ఇచ్చిన బట్టలు టీటీడీ వేలంలో ఎవరో కొన్నారంటే కళ్ళకద్దుకుంటుంది. మైల లెక్క ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటుంది, వాదించి లాభం లేదు. వేడినీళ్ళలో నానబెట్టి, ఉతికి, రెండు రోజులు ఎండలో వేశాకే లోపలికి తెచ్చుకున్నాను.

ఈ బట్టలు ఎక్కడెక్కడివో తెలిస్తే కొనేటప్పుడు కాస్త జాగ్రత్త వస్తుంది. వాడిన బట్టల దిగుమతికి మన దేశంలో లైసెన్సు కావాలి. గుజరాత్‌లో కాండ్లా, హర్యానాలో పానిపట్ ఈ వ్యాపారానికి పేరుపడ్డాయి. విదేశాల నుంచి బేళ్ళుగా వచ్చినవాటిని కాండ్లాలో ఏరి వేరుచేస్తారు, పానిపట్‌లో పనికిరాని ఉన్ని బట్టలను చీల్చి మళ్ళీ దారం తీసి కంబళ్ళు నేస్తారు. ఫోనులో "వింటేజ్", అంటే పాతకాలపువి, అని కనిపించే గౌనుల్లో సగంవాటికి వయసు తక్కువ, పాలియెస్టర్ ఎక్కువ. అనుమానముంటే లోపలి కుట్టు నుంచి ఒక పోగు లాగి కాల్చండి. కాగితం కాలిన వాసనతో బూడిదైతే నూలు, వెంట్రుక కాలిన వాసనైతే పట్టు లేదా ఉన్ని, కరిగి గట్టి ఉండగా మారితే పాలియెస్టర్. చివరిదాన్ని మన ఊళ్ళో ఏప్రిల్‌లో వేసుకోవడం అంటే ఆవిరి పట్టుకోవడమే.

నేను కొన్న ఐదింటిలో రెండు వేసుకుంటున్నాను. ఒకదానికి చంకల్లో మరకలు, ఫోటోలో చేతులు కిందికి దించి తీశారు. అమ్మినవాళ్ళు వాపసు లేదన్నారు. ఇంకోదాని భుజాలు నాకు రెండంగుళాలు ఎక్కువ. భుజం తగ్గించాలంటే చేతులు విప్పాలి, చంక కోత మార్చాలి, మళ్ళీ ఎక్కించాలి. ఆ పనికి టైలరు అడిగిన కూలి గౌను ధరను దాటింది. నడుము తగ్గించడం, పొడవు కోయడం, చేతులు కురచ చేయడం సులువు. భుజం సరిపోకపోతే కొనకండి. అక్షరాల సైజును నమ్మవద్దు, మీకు బాగా అమరే కుర్తాను నేల మీద పరిచి చంక నుంచి చంకకు కొలిచి, అదే కొలత అమ్మేవాళ్ళను అడగండి. ఒకటి రెండు అంగుళాలు పెద్దదైనా ఫరవాలేదు, చిన్నదైతే కష్టం. మన రవికలో టైలర్లు పక్కల మూడు వరుసల కుట్టేసి, లావైతే ఒకటి విప్పుకోమంటారు కదా. ఫ్యాక్టరీ బట్టలో ఆ ఉదారత ఉండదు, లోపల అర అంగుళం కూడా మిగల్చకుండా ఓవర్‌లాక్ కొట్టేస్తారు.

ఐదో వస్తువు డెనిమ్ జాకెట్, అది నెగ్గింది. కింద నాలుగంగుళాలు కోసి కురచ చేశాను. కుట్లు ఒకదాని మీద ఒకటి వచ్చే చోట మిషన్ మొరాయిస్తే సుత్తితో ఆ మందాన్ని నాలుగు దెబ్బలు కొట్టి, 16 నంబరు సూది వేస్తే దిగింది. సన్న పట్టుకు 11 నంబరు. ఒకే సూదితో అన్నీ కుట్టబోయి పట్టుకు చిల్లులు పెట్టిన రోజులున్నాయి.

మొదటి స్థానం మా నాన్న చొక్కాలది. మగవాళ్ళ నూలు చొక్కా, అందులోనూ పెద్ద సైజుది, నేర్చుకునేవాళ్ళకు దేవుడిచ్చిన బట్ట. గుండీలు, కాజాలు, కాలరు ముందే ఉన్నాయి. పక్కలు కాస్త లోపలికి తీసుకుని, చేతులు మోచేతి దాకా కోసి, కోసిన ముక్కతో నడుముకు పట్టీ కుడితే ఒక ఆదివారం మధ్యాహ్నంలో టాప్ అవుతుంది. చెడిపోయినా ఎవరూ ఏడవరు. తాత ఎనిమిది మూరల పంచె కూడా ఇలాంటిదే, తెల్లగా, మూడున్నర మీటర్లు పైగా. అంచు చేతులకూ మెడకూ వేస్తే బజారులో దొరకని కుర్తా. మగవాళ్ళ బట్టలు నేను ఇలా కోసుకోవడం మా తమ్ముడికి మాత్రం నచ్చలేదు. గంగమ్మ జాతరకు ఆడవేషం కట్టడానికి నా పాత చీర ఒకటి పట్టుకుపోయి, పసుపూ కుంకుమా పూసి తెచ్చాడు. లెక్కకు లెక్క సరి అంటాడు.

టైలరా, ఇంటి మిషనా అంటే, పొడవు, పక్కలు, పీకో, గుండీలు ఇంట్లో చేసుకోవచ్చు. భుజం, మెడ, పట్టు మాస్టరుకే. అయితే మాస్టర్లకు పాతబట్ట విప్పడం అంటే చికాకు. "అమ్మా, ఇది విప్పే టైములో కొత్తది కుట్టేస్తా" అని ఒకాయన నా ముఖం మీదే అన్నాడు. అది అబద్ధం కాదు. అందుకే ఇప్పుడు విప్పుడు పనంతా నేనే టీవీ ముందు కూర్చుని చేసి, ఇస్త్రీ చేసిన ముక్కలు తీసుకెళ్తున్నాను. కూలి తగ్గింది, ఆయన మాటా తగ్గింది. పెళ్ళిళ్ళ సీజనులో, దసరాకు ముందు మాత్రం అటు వెళ్ళకండి. ఇంట్లో ఒకటి కుట్టాక చెడిపోతే విప్పుకోవచ్చు, తొందరలో మాస్టరు కోసేస్తే విప్పడానికేం ఉండదు.

పెట్టెలో ఇంకో చీరుంది, అవ్వది, చిలకపచ్చ. వెలుతురుకు పట్టి చూశాను, ఒక్క చిల్లు లేదు. కుచ్చులు, నూలు లైనింగు, అన్నీ మనసులో కొలిచి పెట్టుకున్నాను. అమ్మ ఇంకా తాళం ఇవ్వలేదు.