పాప్‌కార్న్ సీలింగ్ మీద ప్లాంకులు: ఏళ్ల తరబడి వాడాక నా అభిప్రాయం

డాలస్ చుట్టుపక్కల పాత ఇల్లు కొనుక్కున్న మనవాళ్లు సీలింగ్ సంగతి అడిగినప్పుడల్లా నేను ముందు చెప్పేది ఒకటే. ప్లాంకులు (కప్పుకి తగిలించే సన్నటి పొడవాటి పలకలు) వేయించుకోండి, బూజు దులుపుకోవచ్చు. అందం, ఇంటి విలువ లాంటివన్నీ తర్వాత. కప్పుకి బూజు కర్ర తగిలించగలగడం, తడిగుడ్డతో తుడుచుకోగలగడం, ఈ ఒక్క సుఖం కోసమే ఆ పని మళ్లీ చేయించమన్నా చేయిస్తాను. నిజంగానే రెండోసారి చేయించాల్సి వచ్చింది, అదే ఇక్కడ అసలు చెప్పాలనుకున్నది.

మాది 1979లో కట్టిన ఇల్లు, ఒకటే అంతస్తు, ఎనిమిదడుగుల ఎత్తు. పాప్‌కార్న్ సీలింగ్ అంటే కప్పంతా పేలాలు అతికించినట్టు స్ప్రే చేసిన తెల్లటి గరుకు పూత, ఇక్కడ ఉండేవాళ్లకి చెప్పక్కర్లేదు. కానీ రోజూ మన వంట వండే ఇంట్లో అది ఏమవుతుందో మాత్రం ఎవరూ చెప్పరు. మాకు వంటగదీ ఫ్యామిలీ రూమూ కలిసే ఉంటాయి. పొయ్యి మీద హుడ్ ఉన్నా సరే, రోజూ పెట్టే తాలింపు పొగ ఆ గరుకులో చేరి, కొన్నాళ్లకి కప్పంతా పసుపు తిరిగిపోతుంది. దేవుడి మూల పైన దీపం మసి నల్లగా పట్టేసింది. తుడుద్దామని తడిగుడ్డ పెడితే గుడ్డకే ముద్దలుగా ఊడి వచ్చేస్తుంది. రోలర్‌తో రంగు వేద్దామన్నా అదే గతి, పోనీ స్ప్రే చేయిద్దామంటే రంగు పడ్డాక నీళ్లు పీల్చుకోదు కాబట్టి తర్వాత గీకడం ఇంకా కష్టం. ఒక సంక్రాంతికి ముందు, తెనాలి నుంచి వచ్చి మాతో ఉన్న మా అత్తయ్య అలవాటుగా బూజు కర్ర తీశారు. రెండుసార్లు తిప్పేసరికి సోఫా నిండా తెల్లటి రవ్వ. "ఇదేం కప్పమ్మా, పాత సున్నం గోడలా రాలిపోతోంది" అన్నారు. నేను పరుగున వెళ్లి ఆవిడ చేతిలో కర్ర తీసేసుకున్నాను. ఎందుకంటే అప్పటికే మా చేతికి ల్యాబ్ రిపోర్టు వచ్చింది.

ఆ రిపోర్టు ఆస్‌బెస్టాస్ గురించి, తెలియనివాళ్ల కోసం కొంచెం చెప్తాను. అదొక ఖనిజపు సన్నటి పీచు, దాని దుమ్ము పీలిస్తే ఊపిరితిత్తులకి ప్రమాదం. అలంకరణ కోసం స్ప్రే చేసే సరుకులో దాన్ని అమెరికాలో 1978లో నిషేధించారు కానీ అప్పటికే దుకాణాల్లో ఉన్న స్టాకు వాడుకోనిచ్చారు, అందుకే 80ల మొదట్లో కట్టిన ఇళ్లలో కూడా అది బయటపడుతూ ఉంటుంది. చూసి చెప్పడం ఎవరి వల్లా కాదు. సబ్బునీళ్లు చిలకరించి, తడిగా ఉన్నప్పుడే చిటికెడు గీకి, జిప్ కవర్లో వేసి ల్యాబ్‌కి పంపాం. ఒక శాతం దాటితే దాన్ని ఆస్‌బెస్టాస్ ఉన్న సరుకు కిందే లెక్కగడతారు, మాకు 3 శాతం వచ్చింది. 90ల్లో కలిపి కట్టిన వెనక గదిలో మాత్రం అసలు లేదు. కాబట్టి ఒక గది టెస్టు చూసుకుని ఇల్లంతా అంతేలే అనుకోకండి, ప్రతి గదికీ విడిగా చేయించండి.

వెనక గదిని మా ఆయనా, ఆయన స్నేహితుడూ కలిసి గీకేశారు. తోటలో మందు కొట్టే పంపులో గోరువెచ్చటి నీళ్లు, నాలుగు చుక్కలు గిన్నెల సబ్బు, ఒక పావుగంట నాననిచ్చి వెడల్పు బ్లేడుతో లాగితే పెచ్చులు పెచ్చులుగా వచ్చేసింది. గీకడం సులువే. కింద బయటపడే బోర్డు మాత్రం ఎప్పుడూ సరిగ్గా ఫినిష్ చేసింది కాదు, అతుకులన్నీ కనిపిస్తాయి, దాని మీద మడ్డు (అతుకులు పూడ్చే లప్పం) పట్టించి, ఆరనిచ్చి, సాండింగ్ చేసి, మళ్లీ పట్టించి... సాయంత్రం కిటికీలోంచి ఎండ ఏటవాలుగా పడ్డప్పుడు ప్రతి గీతా కనిపిస్తుంది.

బెడ్‌రూముల్లో పాప్‌కార్న్‌ని కదపకుండా దాని మీదే అర అంగుళం డ్రైవాల్ (జిప్సం బోర్డు) కొట్టించాం. మొదట్లో దీన్నే అందరికీ చెప్పేదాన్ని, నున్నగా, కొత్త ఇంట్లో ఉన్నట్టే ఉండేది. ఇప్పుడు అంత గట్టిగా చెప్పను. ఇక్కడి నేల కూడా గుంటూరు వైపు నల్లరేగడి తరహాదే, ఎండాకాలం బీటలు తీస్తుంది, వానలకి ఉబ్బుతుంది, దానితోపాటు ఫౌండేషన్ కదులుతుంది. ఇంటి చుట్టూ పైపు పరిచి నేలని తడుపుతూనే ఉంటాం, అయినా ప్రతి ఆగస్టులో మాస్టర్ బెడ్‌రూమ్ కప్పులో ఒకే అతుకు దగ్గర వెంట్రుకంత చీలిక వస్తుంది, మళ్లీ మూసుకుంటుంది.

ఫ్యామిలీ రూమ్‌లో (మేం హాలు అనేది దాన్నే), వంటగదిలో ప్లాంకులు. అయిదంగుళాల వెడల్పు, ఏడడుగుల పొడవు, ఒకదాని అంచు ఇంకోదాని గాడిలోకి దూరేవి. జాయిస్టులకి (కప్పుని మోసే చెక్క దూలాలకి) ఇనుప పట్టీలు బిగించి, వాటికి క్లిప్పులతో తగిలిస్తారు. పాప్‌కార్న్ గరుకు మీద స్టడ్ ఫైండర్ (దూలాలు ఎక్కడున్నాయో చూపించే పరికరం) సరిగ్గా పని చేయదు, వేయడానికి వచ్చినతను చిన్న అయస్కాంతం తెచ్చి పాత మేకులు ఎక్కడున్నాయో పట్టుకున్నాడు. స్క్రూ పడే ప్రతి చోటా ముందు తడిపి, సన్నటి దుమ్ముని కూడా పట్టేసే హెపా వాక్యూమ్ పక్కనే పెట్టుకుని చేశాడు, అది నాకు బాగా నచ్చింది. లైట్ల పెట్టెలకి, ఫ్యాన్ పెట్టెకి, వాటి అంచు కొత్త కప్పు దాకా వచ్చేలా ఎక్స్‌టెన్షన్ రింగులు వేయించుకోవడం మర్చిపోవద్దు. పట్టీలు, పలకలు కలిపి ఎత్తులో పోయేది దాదాపు అంగుళం, అది అసలు తెలియను కూడా తెలియదు. నేల కదిలినా అతుకులు గాడిలోనే సర్దుకుంటాయి, చీలిక అన్నదే లేదు. ఇక బూజు సంగతి సరేసరి. ఆ తర్వాత వచ్చినప్పుడు అత్తయ్య తనివితీరా దులిపారు, దేవుడి మూల పైన మసి సబ్బునీళ్లతో తుడిస్తే పోయింది. నాకు ఆ రోజు కలిగిన తృప్తి చెప్పలేను.

ఇక 2021 ఫిబ్రవరి మంచు తుఫాను. టెక్సస్‌లో ఉన్నవాళ్లు ఎవరూ మర్చిపోరు. కరెంటు పోయింది, 16వ తేదీ పొద్దున డాలస్ ఎయిర్‌పోర్టులో మైనస్ 2 ఫారెన్‌హీట్, అంటే మన లెక్కలో దాదాపు మైనస్ 19. ఇక్కడ చాలా ఇళ్లకి నీళ్ల పైపులు అటకలోంచి వెళ్తాయి, మా ఇంటికీ అంతే. గడ్డకట్టినంత సేపూ ఏమీ తెలియలేదు. మంచు కరగడం మొదలయ్యాక అసలు కథ మొదలైంది. ముందు పిల్లాడి బెడ్‌రూమ్‌లో డ్రైవాల్ మీద అరచేయంత మచ్చ, చూస్తుండగానే కప్పు కిందకి ఉబ్బింది. మా ఆయన వీధి పక్కన మీటర్ పెట్టె మూత మీద మంచు పగలగొట్టి నీళ్లు కట్టేసి వచ్చారు. హాల్లో మాత్రం ఎక్కడా చుక్క లేదు, కనీసం మచ్చ లేదు, హాలు బతికిపోయిందని దేవుడికి దణ్ణం పెట్టుకున్నాం. మర్నాడు పొద్దున, పైపు పగిలిన చోటుకి గదిలో సరిగ్గా ఆ చివర, ఫ్యాన్ గిన్నె అంచునుంచి నీళ్లు కారుతున్నాయి. వెంటనే బ్రేకర్ ఆపేశాం. నీళ్లు రాత్రంతా పాత కప్పుకీ ప్లాంకులకీ మధ్య సందులో నడుచుకుంటూ, ఇల్లు ఎటు వాలితే అటు వెళ్లి చేరాయన్నమాట. ప్లాంకుల అంచులు అప్పటికే ఉబ్బిపోయాయి.

నీళ్లు ఆరబెట్టే కంపెనీ మనుషులు వచ్చారు. వాళ్ల పద్ధతి ఏమిటంటే, తడిసిన కప్పుకి రంధ్రాలు పొడిచి పెద్ద పెద్ద ఫ్యాన్లు పెట్టి ఆరబెట్టడం. గోడవైపు ఆఖరి వరస మేకులు లాగి ఒక్కో ప్లాంకూ విప్పుతుంటే పైన నానిన పాప్‌కార్న్ ముద్దలు ముద్దలుగా ప్లాంకుల మీదే పడి ఉంది. ఫ్యాన్లు ఆన్ చేయబోతుంటే నేను ఫోన్లో ల్యాబ్ రిపోర్టు తీసి చూపించాను. అందరూ చేతులు ఎత్తేసి బయటికి వెళ్లిపోయారు. తడిగా ఉన్నంత సేపూ అది ఎగరదు, ఆరితేనే ప్రమాదం. ఆ ఫ్యాన్లు తిరిగి ఉంటే ఇల్లంతా, ఏసీ గొట్టాలతో సహా, దుమ్ము చేరేది. రిపోర్టు దాచుకోమని నేను ఇంతగా చెప్పేది అందుకే. దాన్ని ఫోన్లో, ఈమెయిల్లో, ఇంట్లో వాళ్లందరికీ తెలిసే చోట పెట్టుకోండి.

ఆ తర్వాత లైసెన్సు ఉన్న ఆస్‌బెస్టాస్ వాళ్ల కోసం ఎదురుచూపు. ఊళ్లో సగం ఇళ్లలో పైపులు పగిలాయి, వాళ్లకి తీరికెక్కడిది? మేం డాలస్ పక్కనే ఉన్న ఫ్రిస్కోలో స్నేహితుల ఇంట్లో తలదాచుకున్నాం. ఎట్టకేలకు వచ్చి ప్లాస్టిక్ గోడలు కట్టి, జిప్ తలుపు పెట్టి, గాలిని ఫిల్టర్‌లోంచి బయటికి లాగే మెషిన్ పెట్టి, అంతా తడుపుతూ తీసి, రెండేసి సంచుల్లో కట్టి పట్టుకెళ్లారు. చివర్లో గాలి టెస్టు చేసి గానీ మమ్మల్ని లోపలికి రానివ్వలేదు. ఇన్సూరెన్స్ వాళ్లు నీళ్ల నష్టానికి ఇచ్చారు. ఆస్‌బెస్టాస్ తీయడానికి మాత్రం పాలసీలో ఓ చిన్న పరిమితి ఉంది, మిగతాదంతా మా జేబులోంచే. అదే చలిలో వెనక గదిలోనూ కప్పు కొంచెం తడిసింది. అక్కడ గీకేసి ఉంది కాబట్టి ఆరబెట్టి, మచ్చ మీద ప్రైమర్ కొట్టి, రంగేసుకుంటే అయిపోయింది.

అయినా హాల్లో కొత్త డ్రైవాల్ వేయించాక మళ్లీ ప్లాంకులే వేయించాను. ఇప్పుడు వాటి వెనక ఏమీ లేదు, అది పెద్ద తేడా. ఈసారి రెండు డబ్బాలు ఎక్కువ కొని గరాజ్‌లో పెట్టాను, తర్వాత అదే షేడ్ దొరకదు. తుడవడం గురించి నేను మురిసిపోయిన మాటకి ఒక చిన్న సవరణ కూడా ఉంది. పొయ్యి చుట్టుపక్కల గాడుల్లో నూనె జిడ్డు చేరుతుంది, అక్కడ గుడ్డ సరిపోదు, నిచ్చెన వేసుకుని మెత్తటి బ్రష్షుతో ఒక్కో గాడీ తోమాలి. మన వంట తక్కువ చేసే ఇంట్లో ఆ బాధ ఉండకపోవచ్చు.

ప్లాంకుల మీద నా ఇష్టం అంతా ఒకే అంతస్తు ఇల్లు, రోజూ వంట, దీపం, బూజు దులిపే అత్తయ్య ఉన్న ఇంటి లెక్క. పైన బాత్రూమ్ ఉన్న గదికయితే, టెస్టులో ఆస్‌బెస్టాస్ వచ్చి ఉంటే, నేనయితే కప్పించను, డబ్బు కూడేదాకా అలాగే కదపకుండా ఉంచి, ఒక్కసారే తీయించేస్తాను. మా బెడ్‌రూముల్లో డ్రైవాల్ వెనక అది ఇంకా అలాగే ఉంది, పైపులకి మంచి తొడుగులు వేయించాం, మా వాడి హైస్కూల్ అయ్యేదాకా ఈ ఇంట్లోనే ఉంటాం కాబట్టి ఇప్పట్లో దాని జోలికి వెళ్లడం లేదు. రెండు మూడేళ్లలో అమ్మే ఆలోచన ఉన్నవాళ్లు మాత్రం టెక్సస్‌లో అమ్మేటప్పుడు నింపే డిస్‌క్లోజర్ ఫారం ఒకసారి ముందే చదువుకోండి, అందులో ఆస్‌బెస్టాస్ గురించి విడిగా అడుగుతారు. కప్పేసినా, ఉందని తెలిశాక అక్కడ ఉందనే రాయాలి.