వాఫెన్‌రోక్ తెప్పించుకున్నాను: కోటు అసలుదే, భుజం పట్టీలు కావు

జర్మనీలో పాత సైనిక వస్తువులు అమ్మే ఒక దుకాణం నుంచి వాఫెన్‌రోక్ కొన్నాను. నాజీ కాలపు జర్మన్ సైన్యంలో 1935లో ప్రవేశపెట్టిన నమూనా, సైనికులు పరేడ్లకూ వేడుకలకూ వేసుకునే కోటు. 'కండిషన్ చాలా బాగుంది' అని రాశారు. సగమే నిజం.

ముందువైపు 8 గుండీలూ ఉన్నాయి, అన్నీ ఒకేలా వెలిశాయి. ముదురు నీలి ఆకుపచ్చ కాలర్, అంచుల వెంట తెల్ల పైపింగ్ (సన్నటి రంగు అంచుపట్టీ). దాని రంగును బట్టి ఏ దళమో తెలుస్తుంది; తెలుపంటే పదాతిదళం. లోపలి లైనింగ్‌కు చంకల దగ్గర చెమట మరకలున్నాయి. అవి నాకు లోపం కాదు, ఎవరో నిజంగా వేసుకున్నారనడానికి గుర్తు.

భుజం పట్టీలు చూడగానే మనసు చివుక్కుమంది. వాటి పైపింగ్ ఎరుపు, అది ఫిరంగిదళం రంగు! పట్టీ ఎత్తితే కింద వెలవని గుడ్డ ఇంకా వెడల్పుగా కనిపించింది. అసలువి తీసేసి వేరే కోటువి తగిలించారు.

ఛాతీ మీద కుట్టిన, స్వస్తిక పట్టుకున్న గద్ద చిహ్నం పక్కన పాత సూది రంధ్రాల వరస ఉంది. అతినీలలోహిత లైటు వేస్తే గద్దను కుట్టిన దారం తెల్లగా మెరిసింది, ఈకాలపు దారాలు చాలావరకు అలా మెరుస్తాయి. కొత్త డిటర్జెంట్‌తో ఉతికినా అలా మెరవచ్చు, కానీ చుట్టూ ఉన్న ఉన్ని అస్సలు మెరవలేదు. కాబట్టి ఆ గద్దను ఈమధ్యే కుట్టారని నా నమ్మకం.

నాజీ చిహ్నాల ప్రదర్శనను నిషేధించే జర్మన్ శిక్షాస్మృతి 86ఏ సెక్షన్ వల్ల అమ్మేవాళ్లు ఫోటోల్లో స్వస్తికను కప్పేస్తారు, అది సబబే. అందుకే లైనింగ్ వైపు నుంచి కుట్టు ఫోటో ముందే అడగండి. నేను అడగలేదు. చిమ్మట కొట్టిన మూడు చిల్లుల సంగతీ వాళ్లు చెప్పలేదు. ప్యాకింగ్ మాత్రం చక్కగా చేశారు. కోటు ఉంచుకుంటున్నాను, పట్టీల డబ్బు వెనక్కి అడిగాను.