110 వోల్టుల ప్రొజెక్టర్‌కు కొత్త కనెక్టర్: నాలుగేళ్ల వాడకం తర్వాత

ఒక టూరింగ్ టాకీస్ మూతపడినప్పుడు మా నాన్నగారు కొన్న 16 ఎం.ఎం. ప్రొజెక్టర్ ఇప్పుడు నా దగ్గరుంది. అమెరికా తయారీ, 110 వోల్టులు, 750 వాట్ల బల్బు. మన 230 వోల్టులను తగ్గించడానికి పక్కనే ఒక బరువైన ట్రాన్స్‌ఫార్మర్ ఉండాల్సిందే.

దీని పాత కనెక్టర్, అంటే కరెంటు వైరు వచ్చి మెషీనుకు తగిలే భాగం, నల్లటి బేకలైట్‌ది. రెండు గుండ్రటి పిన్నులే, ఎర్త్ లేదు. పాతకాలపు ఇస్త్రీ పెట్టె వైరు చూసినవాళ్లకు దాని రూపం చెప్పనక్కర్లేదు. వైరు చివరి ముక్కలో ఉండే ఇత్తడి పట్టీలు ఏళ్ల వేడికి పట్టు వదిలేశాయి. రీలు నడుస్తుండగానే బల్బు మినుకుమనేది. ఒక రాత్రి షో అయ్యాక వైరు తీయబోతే వేళ్లు చురుక్కుమన్నాయి. 110 వోల్టుల మీద 750 వాట్లంటే దాదాపు 7 ఆంపియర్లు. వదులైన చోట 0.2 ఓమ్‌ల నిరోధం చేరినా అక్కడే 10 వాట్ల వేడి పుడుతుంది. టార్చి వేసి చూస్తే ఒక పిన్ను మొదట్లో బేకలైట్ గోధుమరంగుకు తిరిగి, పొట్టులా లేచి ఉంది.

అదే రకం కొత్తది దొరకలేదు. అందుకని మొదట అందరూ చేసేదే చేశాను: కంప్యూటర్ వెనక ఉండే మూడు పిన్నుల సాకెట్, సీ14 అంటారు, అది బిగించాను. 10 ఆంపియర్లు మోస్తుంది, ఏ ఊళ్లోనైనా దొరుకుతుంది, ఎర్త్ కూడా ఉంది. నెల రోజులు చక్కగా నడిచింది.

ఆ తర్వాత ఒక పండగ రోజు మా మేనల్లుడు సాయం చేద్దామని వచ్చి, "మామయ్యా, ఈ కంప్యూటర్ వైరు దీనికి సరిగ్గా సరిపోయింది, స్విచ్చి వేసేయనా?" అన్నాడు. వైరు ఒక చివర ప్రొజెక్టర్‌లో, ఇంకో చివర నేరుగా గోడ సాకెట్‌లో ఉంది. వాడి వేలు స్విచ్చి మీద ఉంది. వేసి ఉంటే బల్బు, మోటారు, ఆంప్లిఫైయర్ మూడూ పోయేవి. వాడి తప్పేం లేదు. ఆ సాకెట్ చూస్తే ఎవరైనా 230 వోల్టులదే అనుకుంటారు. ఆ రాత్రే దాన్ని ఊడదీశాను. 110 వోల్టుల మెషీనుకు సీ14 పెట్టవద్దని అప్పటి నుంచి అడిగినవాళ్లందరికీ చెబుతున్నాను. 230 వోల్టుల ప్రొజెక్టర్ అయితే మాత్రం అదే మంచిది, కానీ దాని పిన్నులు 70 డిగ్రీల వరకే తట్టుకుంటాయి కాబట్టి బల్బు గూడుకు దూరంగా బిగించాలి.

రెండోసారి పెట్టింది పవర్‌కాన్. స్టేజి లైట్లకు, స్పీకర్లకు వాడే 20 ఆంపియర్ల రకం, నీలం రంగుది. లోపలికి తోసి తిప్పితే టక్కుమని లాక్ పడుతుంది. వైరు రెండో చివర ప్లగ్గు పెట్టలేదు, ట్రాన్స్‌ఫార్మర్ లోపలికే శాశ్వతంగా కలిపేశాను. ఇంక దాన్ని గోడకు పెట్టే దారే లేదు.

ఎక్కువ సమయం పట్టింది ఎర్త్‌కే. ముందు ఆంప్లిఫైయర్‌లో కరెంటు వైరు నుంచి బాడీకి వెళ్లే పాత పేపర్ కెపాసిటర్‌ను తీసేసి, దాని చోట ఆ పనికే చేసిన సేఫ్టీ రకం వేశాను. తర్వాత బాడీ మీద రంగును రూపాయి బిళ్లంత మేర గీకి, రింగ్ లగ్గు (వైరు చివర నొక్కి పెట్టే రింగు ముక్క), పళ్ల వాషరు వేసి బిగించాను. మల్టీమీటర్‌తో చూస్తే బాడీకీ ఎర్త్ పిన్నుకీ మధ్య నిరోధం దాదాపు సున్నా. నాది ఆటో ట్రాన్స్‌ఫార్మర్, 110 ఇచ్చినా గోడ కరెంటు నుంచి విడదీయదు, కాబట్టి ఈ పని తప్పదు. స్క్రూ కింద పెట్టే వైరు పోగులకు సోల్డర్ పూయకండి. సోల్డర్ మెల్లగా నలిగి స్క్రూ వదులవుతుంది. లగ్గు నొక్కి పెట్టడమే మేలు. బల్బు గూటి వైర్ల మీద తెల్లటి అల్లిక తొడుగు ఉంటే అది ఆస్‌బెస్టాస్ (పొడి పీలిస్తే ఊపిరితిత్తులకు హాని చేసే నార) కావచ్చు, గీకవద్దు. బాడీకి కొత్తగా ఒక్క రంధ్రం కూడా వేయలేదు. అల్యూమినియం పలక కోసి పాత స్క్రూల చోటే బిగించాను.

నాలుగేళ్లలో బల్బు ఒక్కసారి కూడా మినుకుమనలేదు. 400 అడుగుల రీళ్లు, ఒక్కొక్కటి 11 నిమిషాలు, వరసగా ఆరు నడిపాక కూడా కనెక్టర్ గోరువెచ్చగా కూడా ఉండదు.

ఇబ్బందులు రెండున్నాయి. బల్బు వెలుగుతుండగా దీన్ని తీయకూడదు, పవర్‌కాన్‌ను అందుకు చేయలేదు. ముందు ట్రాన్స్‌ఫార్మర్ స్విచ్చి ఆపాలి. రెండోది, లాక్ ఎంత గట్టిదంటే, చీకట్లో ఎవరి కాలికైనా వైరు తగిలితే అది ఊడిరాదు, ప్రొజెక్టరే బల్ల మీద నుంచి కదులుతుంది. ఒకసారి అలా నాలుగు అంగుళాలు జరిగింది. అప్పటి నుంచి వైరును బల్ల కాలికి చుట్టి, కింద నేలకు టేపు వేసి కానీ షో మొదలుపెట్టను.