నాలుగేళ్ల డీహైడ్రేటర్ వాడకం: పై తట్ట చేసిన మోసం

కూరగాయలను ఒరుగులుగా ఎండబెట్టే డీహైడ్రేటర్‌ను నేను నాలుగేళ్లుగా వాడుతున్నాను. ఎన్ని తట్టలు వస్తాయి, ఎంత చోటు పడుతుంది వంటివి పెట్టె మీదే రాసి ఉంటాయి కాబట్టి వాటి జోలికి పోను. నా ఫిర్యాదు ఒక్కటే, అది ఫ్యాను అమరిక గురించి. నా యంత్రంలో ఫ్యాను, వేడి తీగ అడుగున ఉంటాయి, తట్టలను వాటి మీద ఒకదానిపై ఒకటి పేర్చుకోవాలి. వేడిగాలి కింది తట్టలోని ముక్కల చెమ్మను పీల్చుకుంటూ పైకి పోతుంది కనుక చివరి తట్టకు చేరేసరికి కొంత చల్లబడి, తేమతో నిండి ఉంటుంది. కిందివి పెళుసుగా విరిగే వేళకు పైవి ఇంకా తోలులా సాగుతుంటాయి. మధ్యమధ్య తట్టలను పైకీ కిందికీ మార్చాలని యంత్రంతో వచ్చిన కాగితంలో ఒక వాక్యం ఉంది. పక్కన కాపలా ఉండనక్కర లేదనే కదా యంత్రం కొన్నాను, ఆ వాక్యాన్ని నేను పట్టించుకోలేదు.

రెండో ఏడు పెరట్లో టమాటాలు ఒక్కసారిగా పండాయి. మూడు విడతలుగా సుమారు ఆరు కిలోలు కోసి ఎండబెట్టాను. త్వరగా తెమిలిపోతుందన్న ఆశతో 60 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంచాల్సిన మీటను 70కి తిప్పి, రాత్రి పడుకుని, పొద్దున్నే అన్ని తట్టలనూ ఒకే పెద్ద సీసాలోకి ఒంపి మూత బిగించేశాను. ముక్కలు పైకి చక్కగా ఎండినట్టే ఉన్నాయి, వాటిని చూసి కొంత గర్వపడిన మాట కూడా నిజం. ఆరో వారంలో మూత తీయబోతే సీసా మెడ లోపలి వైపు చెమర్చి ఉంది, అడుగున తెల్లటి బూజు పట్టింది. బూజు పోగులు కంటికి కనిపించేంత మేర మాత్రమే ఉండవు కాబట్టి పైపైన ఏరి మిగతావి వాడుకునే వీలు లేదు. సీసా మొత్తం పారబోశాను. కాపు పోయింది, కరెంటు పోయింది, కోసిన శ్రమ అంతకంటే ఎక్కువ పోయింది.

తప్పు యంత్రానిది సగం, నాది సగం. మరీ ఎక్కువ వేడి తగిలితే ముక్క పై పొర ముందే బిగుసుకుపోయి లోపలి నీటికి దారి మూసుకుంటుంది, చేతికి ఎండినట్టు తగిలినా నడుమ పచ్చిగానే ఉంటుంది. దానికి తోడు మూత బిగించిన సీసాలో చెమ్మ ఒక ముక్కను అంటిపెట్టుకుని ఉండదు, అన్నిటికీ పాకుతుంది. పై తట్టలోని గుప్పెడు సగం ఎండిన ముక్కలు బాగా ఎండిన మిగతా వాటినీ తమతో తీసుకుపోయాయి. ఇప్పుడు నేను ఒరుగులను పూర్తిగా చల్లారనిచ్చి, సీసాలో మూడింట రెండు వంతులే నింపి, వారం పది రోజుల పాటు రోజుకొకసారి కుదుపుతున్నాను. గాజు చెమర్చినా, ముక్కలు ఒకదానికొకటి అంటుకున్నా మళ్లీ తట్టల మీదికి పంపుతాను. పెద్ద సీసా మానేసి చిన్నవి వాడుతున్నాను, పోయినా ఒక్కటే పోతుంది.

మొదటి నెలల్లో ఈ యంత్రం తన ఖరీదు తానే రాబట్టుకుంటుందని కనిపించిన వారందరికీ చెప్పాను. ఆ మాటను ఇప్పుడు కొంత సవరించుకోవాలి. టమాటాలో పదింట తొమ్మిది వంతులకు పైగా నీరే, కిలో నీరు ఆవిరి కావడానికి వృథా ఏమీ లేకున్నా 0.6 యూనిట్ల పైచిలుకు కరెంటు కావాలి. నా మీటరు ప్రకారం రెండు కిలోల టమాటాలకు మూడు యూనిట్లకు మించి ఖర్చవుతోంది. అందువల్ల మామూలు ధరకు కొన్న కూరగాయలను ఎండబెట్టడం నష్టమే, తినగా మిగిలి కుళ్లిపోయే కాపు ఉన్నప్పుడే లాభం. ఫ్రీజరులో దాచిన వాటికి కావాల్సినట్టు ఎండినవాటికి ఆపైన కరెంటు అక్కర లేదన్నది మాత్రం దీనికి దక్కాల్సిన మెప్పే. ఎండ బాగా కాసే రోజుల్లో పని సగం మేడ మీదే ముగించి, మిగిలినదే దీనికి అప్పగిస్తున్నాను.

నిజమైన ఆదా నేను అనుకోని వైపు నుంచి వచ్చింది. అలసిపోయి ఇంటికి చేరిన సాయంత్రాల్లో కోసే పని లేకుండా గుప్పెడు ఒరుగులు వేడినీళ్లలో నానేస్తే కూరకు సరుకు సిద్ధమవుతోంది, దాంతో బయటి నుంచి భోజనం తెప్పించుకోవడం బాగా తగ్గింది. కూరగాయల మీద మిగిలినదాని కంటే ఇలా మిగిలినదే ఎక్కువ.

మా ఇంట్లో ఉండేది ఇద్దరం, పెరడు ఉంది, పగలు తట్టలు మార్చడానికి ఎవరో ఒకరు ఉంటారు. ఈ మూడూ లేని ఇంటికి ఇది పనికొస్తుందని నేను హామీ ఇవ్వలేను. ఫ్యాను వెనకవైపు ఉండే రకంలో గాలి అన్ని తట్టల మీదుగా అడ్డంగా వీస్తుంది, కొత్తగా కొనాల్సి వస్తే దాన్నే ఎంచుకుంటాను, కాని ఉన్నది తిరుగుతున్నంత కాలం మార్చను. ఈ ఏడు మొక్కలు సగమే నాటాను, కాపు ఇంటి తిండికే సరిపోతే యంత్రం అటక దిగదు.