ఆ చుక్క కనిపించినప్పుడు: మందుల షాపా, గోడ మీది పోస్టరా, పెద్దాసుపత్రా?

ఒక శనివారం సాయంత్రం మా ల్యాబ్ కట్టేసే వేళకు ఒక కుర్రాడు వచ్చాడు. హైదరాబాద్ అమీర్‌పేటలో హాస్టల్లో ఉంటూ కోచింగ్ తీసుకుంటున్నాడు. కౌంటర్ ఖాళీ అయ్యేదాకా బయట మెట్ల మీదే నిలబడి, అందరూ వెళ్లాక లోపలికొచ్చాడు. "అన్నా, ధాతు పోతున్నది. దానికి ఏమన్నా టెస్ట్ ఉంటదా?" అని గొంతు తగ్గించి అడిగాడు. వీర్యం కారిపోతోందని అతని భయం. చేతిలో ప్లాస్టిక్ కవరు. అందులో సగం సగం మింగిన మాత్రల స్ట్రిప్పులు, ఒక లేహ్యం డబ్బా. మూడు వారాల్లో రెండు మందుల షాపులు, ఒక పోస్టర్ క్లినిక్ తిరిగాడు. బస్సెక్కితే చేరిపోయే సర్కారు దవాఖానాకు మాత్రం వెళ్లలేదు. సిగ్గు.

అతనిలాంటి వాళ్లను చాలామందిని చూశాను కాబట్టి ఇది రాస్తున్నాను. ఎక్కడికి వెళ్లాలో తేల్చుకునే ముందు, అసలు వెళ్లాల్సిన అవసరం ఉందా అన్నది చూడాలి. అది చాలావరకు ఇంట్లోనే తెలుస్తుంది.

కోరిక కలిగినప్పుడు నీళ్లలా పారదర్శకంగా, వేలికి తీగలా సాగే జిగురు చుక్క రావడం సహజం. మూత్రనాళానికి దగ్గర్లో బఠాణీ గింజంత ఉండే కౌపర్ గ్రంథులు దాన్ని తయారు చేస్తాయి. నిద్రలో వీర్యం పడటం కూడా సహజమే, పెళ్లయినవాళ్లకూ అవుతుంది. మలబద్ధకంతో ముక్కినప్పుడు ప్రోస్టేట్ మీద ఒత్తిడి పడి ఒకటి రెండు తెల్లటి చుక్కలు కారవచ్చు. మనవాళ్లు ఎక్కువగా భయపడేది దీనికే. ముందు చర్మం కింద పేరుకునే తెల్లటి పాచి రోజూ మామూలు నీళ్లతో కడిగితే పోతుంది. అయితే అక్కడ పెరుగు విరిగినట్టు తెల్లగా ఉండి, ఎర్రబడి దురద పెడుతుంటే అది ఫంగస్ కావచ్చు. అది మళ్లీ మళ్లీ వస్తుంటే రక్తంలో షుగర్ చూపించుకోవాలి. షుగర్ ఉందన్న సంగతి కొందరికి అప్పుడే బయటపడుతుంది.

సహజంగా వచ్చేదానికి ఒక సందర్భం ఉంటుంది. జబ్బుతో వచ్చేదానికి అదేమీ ఉండదు. పొద్దున లేవగానే మూత్రం పోయకముందే నాళం కొసన చుక్క నిలిచి ఉంటుంది, లోదుస్తుల మీద పసుపో ఆకుపచ్చో మరక గట్టిపడి ఉంటుంది, మూత్రం పోస్తుంటే మంట పుడుతుంది. శారీరకంగా కలిసిన వారం లోపే చిక్కటి చీము మొదలైతే ముందు గనేరియా అనే సుఖవ్యాధిని అనుమానించాలి. పెద్దవాళ్లు సెగ అనేది దీన్నే. ఒకటి నుంచి మూడు వారాల తర్వాత పలచగా, మబ్బుగా, కొంచెం కొంచెం వస్తుంటే క్లమీడియా అనే ఇంకో సుఖవ్యాధి కావచ్చు. కానీ చూపుతో ఈ రెండింటినీ ఖాయంగా విడదీయలేం. చాలాసార్లు రెండూ కలిసే ఉంటాయి. క్లమీడియా ఉన్న మగవాళ్లలో చాలామందికి ఏ లక్షణమూ కనిపించదు.

ఇక మందుల షాపు. దగ్గర, చవక, ఎవరూ పేరు అడగరు. చాలామంది అక్కడికే పోవడం నాకు అర్థమవుతుంది. కానీ కౌంటర్ అవతలి మనిషి చూడకుండా, పరీక్షించకుండా ఊహించి ఇస్తాడు. ఆ కుర్రాడి కవర్లో సిప్రోఫ్లాక్సాసిన్ మాత్రలున్నాయి. ఒకప్పుడు గనేరియాకు బాగా పనిచేసిన మందే. ఇప్పుడు మన దేశంలో ఆ క్రిమి దానికి చాలావరకు లొంగడం లేదు. సెఫిక్సిమ్ లాంటి యాంటీబయాటిక్‌లు డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదని 2014 నుంచి షెడ్యూల్ హెచ్1 నిబంధన ఉంది, అయినా అడిగితే దొరుకుతాయి. రెండు రోజులకు మంట తగ్గగానే మానేస్తారు. క్రిమి మిగిలిపోతుంది. తర్వాత పరీక్షకు వస్తే సగం చచ్చిన క్రిమి మాకు సరిగ్గా దొరకదు, జబ్బు మాత్రం వృషణం దాకా పాకి ఉండవచ్చు.

పోస్టర్ క్లినిక్ గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే అది డబ్బుతో పాటు ధైర్యాన్నీ తీసుకుపోతుంది. బస్టాండు గోడల మీద, సులభ్ కాంప్లెక్సుల తలుపుల మీద "గుప్తరోగాలు, నరాల బలహీనత" అని అంటించి ఉంటాయి చూడండి, అవే. అక్కడ అందరికీ ఒకటే మాట: వంద చుక్కల రక్తం కలిస్తే ఒక చుక్క వీర్యం, అది పోతే ప్రాణం పోయినట్టే. ఇది అబద్ధం. వీర్యంలో ఎక్కువ భాగం ప్రోస్టేటూ దాని పక్కనున్న సంచులూ చేసే ద్రవం, శుక్రకణాల వాటా చాలా తక్కువ. ఎంత పోయినా రక్తం తగ్గదు. మన దగ్గర ఈ భయం ఎంత లోతుగా ఉందంటే, 1960లో మానసిక వైద్యులు ఎన్.ఎన్. విగ్ దీనికి 'ధాత్ సిండ్రోమ్' అని పేరే పెట్టారు. నిద్ర పట్టక, బరువు తగ్గి, చదువు మీద మనసు నిలవక తిరిగే వాళ్లకు లేహ్యం ఏం చేస్తుంది? వాళ్లకు కావాల్సింది సైకియాట్రీ ఓపీ. ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి పేరు చెబితే జంకేవాళ్లు ఉస్మానియా, గాంధీ ఆసుపత్రుల్లో ఉన్న సైకియాట్రీ విభాగానికి వెళ్లవచ్చు.

ఈ పొరపాటు మనవాళ్లకే పరిమితం కాదు. గనేరియా అన్న గ్రీకు మాటకు అర్థమే 'విత్తనం కారడం'. పాతకాలపు వైద్యులు చీమును చూసి వీర్యం పోతోందనుకున్నారు. ఆ క్రిమిని ఆల్బర్ట్ నైసర్ 1879లో కనిపెట్టాడు. రంగు వేసిన స్లైడు మీద నేను చూసేది దాన్నే: పెద్ద పెద్ద చీము కణాలు, వాటి కడుపులో గులాబీ రంగు జంటలు, రెండు బొబ్బర గింజలు ఎదురెదురుగా పెట్టినట్టు. మంచి స్లైడైతే అరగంటలో తేలిపోతుంది. ఆ అరగంట కోసం ఎంతోమంది నెలలు తిరుగుతున్నారు.

ఈ పరీక్ష ప్రైవేటులోనూ అవుతుంది, సర్కారులోనూ అవుతుంది. ప్రైవేటైతే చర్మ, సుఖవ్యాధుల డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. సాయంత్రం వేళ ఉంటారు, ఆఫీసుకు సెలవు పెట్టక్కర్లేదు. క్రిమి జన్యుపదార్థాన్ని వెతికే పీసీఆర్ పరీక్షలు కూడా చేయిస్తే ఖర్చు వేలల్లోకి పోతుంది. భరించగలిగితే మంచిదే. యాభై దాటి మూత్రం ధార సన్నబడిన వాళ్లు మాత్రం యూరాలజిస్టును చూడాలి.

అయినా నన్ను అడిగితే ఉస్మానియా లేదా గాంధీలోని చర్మ, సుఖవ్యాధుల విభాగానికే ఓటు వేస్తాను. అక్కడి సురక్ష క్లినిక్‌లో ఇది రోజువారీ పని. మిమ్మల్ని చూసి ఎవరూ ఆశ్చర్యపోరు. ఈ లక్షణానికి బూడిద రంగు కిట్టులో మందులు ఉచితంగా ఇస్తారు. సవాయికీ (సిఫిలిస్) హెచ్ఐవీకీ రక్తపరీక్ష అక్కడే అవుతుంది. మీ హెచ్ఐవీ ఫలితం మీ అనుమతి లేకుండా ఇంకొకరికి చెప్పకూడదని 2017 హెచ్ఐవీ చట్టం ఉంది. ఇబ్బందులు లేవని అనను. క్యూ పొడుగు, పొద్దున్నే వెళ్లాలి, చాటు తక్కువ. అడుగు ముందుకు పడకపోతే 1097కు ఫోన్ చేయండి, ఉచితం.

ఎక్కడికి వెళ్లినా రెండు మాటలు గుర్తుంచుకోండి. పరీక్షకు ముందు కనీసం గంటసేపు మూత్రం ఆపుకోవాలి, పోసేస్తే ఆ చుక్క కొట్టుకుపోతుంది. పీసీఆర్‌కు కావాల్సింది మొదటి ధార, మామూలు మూత్రం కల్చర్‌కు ఇచ్చే మధ్య ధార కాదు. వృషణం ఒక్కసారిగా నొప్పితో ఉబ్బినా, జ్వరం వచ్చినా, మూత్రం బిగుసుకుపోయినా ఓపీ కోసం ఆగకండి, నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లండి. వృషణం మెలిపడితే దాన్ని కాపాడుకోవడానికి దొరికేది కొన్ని గంటలే.

ఆ కుర్రాడికి స్లైడు తీయకుండానే గాంధీకి వెళ్లమని చెప్పాను, అప్పటికే మింగిన మందుల వల్ల మా దగ్గర ఏదీ తేలకపోవచ్చని. మంగళవారం మళ్లీ వచ్చాడు, చేతిలో ఓపీ చీటీ, కిట్టు కవరు. మళ్లీ చేయించాల్సిన పరీక్ష గురించి కాదు, ఇంకో సంగతి అడగాలని. "నాతో ఉన్న అమ్మాయికి చెప్పాలంట అన్నా. ఆమెకు ఏం లేదు, మంచిగనే ఉంది. ఎట్ల చెప్పాలె?"

ఆడవాళ్లలో చాలాసార్లు ఏ లక్షణమూ ఉండదని, అలా వదిలేస్తే గర్భసంచి నాళాలు మూసుకుపోయి పిల్లలు పుట్టకపోవచ్చని చెప్పాను. ఇద్దరూ మందు వాడాలి, ఆ తర్వాత ఏడు రోజులు దూరంగా ఉండాలి, లేకపోతే ఒకరి నుంచి ఒకరికి మళ్లీ అంటుకుంటుంది. కాసేపు కవరు వైపే చూస్తూ కూర్చున్నాడు. తర్వాత ఫోన్ తీసుకుని మెట్ల మీదకు వెళ్లాడు.