రెండేళ్లు, మూడు కార్లు, ఒక హీట్ గన్

ఈ హీట్ గన్ (వేడిగాలి ఊదే పరికరం) కొన్నదే, చప్పుడు తగ్గడానికి కారు ఫ్లోర్‌కి అంటించే తారు షీట్లు పీకడానికి. రెండేళ్లలో మూడు కార్లు ఊడదీశాను. మొదటి కారప్పుడే రాసుంటే తిట్లే రాసేవాణ్ణి. తప్పు గన్‌ది కాదు, నాది.

అప్పట్లో నాబ్ చివరిదాకా తిప్పేసేవాణ్ణి. తారు కరిగిపోయేది. స్క్రేపర్‌తో తోస్తే షీటు లేవకుండా పక్కకి జరిగి మళ్లీ రేకుకే అతుక్కునేది. ఒకచోట పెయింట్ బుడగలెత్తింది. కిటుకంతా సెగ తగ్గించడంలోనే ఉంది. షీటు మైనంలా వంగాలి, మెరవకూడదు. మెరిసిందంటే ఎక్కువైనట్టే. సరిగ్గా ఆ మెత్తదనం మీద బ్లేడు పడుకోబెట్టి తోస్తే అరచెయ్యంత ముక్క ఒక్కసారే వస్తుంది.

అలాగని అన్నిటికీ గన్ వద్దు. చదునుగా ఉన్నచోట, ఫ్యాక్టరీలో వేసిన తారు షీట్లకైతే డ్రై ఐసే (గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్) మేలు. -78 డిగ్రీల చలికి తారు పెళుసెక్కుతుంది, కాసేపాగి సుత్తితో తడితే పెంకుల్లా రాలుతుంది. నిలువు గోడల మీద మాత్రం ఐస్ నిలవదు. పైన అల్యూమినియం పొర ఉన్న బ్యూటైల్ (ఒకరకం రబ్బరు) షీట్లు ఆ చలికి కూడా సరిగా విరగవు. అక్కడ గన్నే గతి. (ఐస్ వాడితే తలుపులన్నీ తీసి పెట్టండి. దాన్నుంచి వచ్చే గ్యాస్ గాలికన్నా బరువు, మనం తల దూర్చే చోటే పేరుకుంటుంది.)

షీట్లు ఒక పూట పని. అసలు చాకిరీ మిగిలిన జిగురుతో. గన్‌తో దాన్ని కదిపితే ఇంకా పులుముకుంటుంది. మినరల్ టర్పెంటైన్‌లో తడిపిన గుడ్డ పరిచి, పైన ప్లాస్టిక్ కప్పి, అరగంట వదిలేస్తాను. తర్వాత ప్లాస్టిక్ బ్లేడుతోనే వచ్చేస్తుంది. ఆవిరికి నిప్పంటుకునే ప్రమాదం ఉంది కాబట్టి అప్పటికి గన్ ప్లగ్ తీసేసి ఉండాలి. ఒకసారి తొందరపడి థిన్నర్ పోశాను, జిగురుతో పాటు పెయింటూ పోయింది.

గన్ సంగతికొస్తే, నాజిల్ నల్లబడింది, స్విచ్ వదులైంది, సెగ మాత్రం తగ్గలేదు. ఆపే ముందు చల్లగాలి మీద రెండు నిమిషాలు నడుపుతాను, అందుకే ఇన్నాళ్లు వచ్చిందనుకుంటా. నచ్చనిది బరువు. సీటు పట్టాల మధ్య వంగి గంట పట్టుకుంటే మణికట్టు చచ్చిపోతుంది. వైర్ల దగ్గర, రబ్బరు డ్రెయిన్ ప్లగ్గుల దగ్గర దీన్ని ఆన్ చేయను. ఒక వైరు తొడుగు కాల్చాకే వచ్చిన బుద్ధి అది.

మూడో కారులో డ్రైవర్ కాళ్ల దగ్గర షీటు లేపితే దాంతో పాటు ఎర్రటి పొడి లేచింది. బ్లేడు నేరుగా కిందికి దిగిపోయింది. ఆ కారు ఇప్పుడు వెల్డింగ్‌లో ఉంది.